వరంగల్ రోడ్ల మీద అడాస్: ఎప్పుడు ఆన్ చేయాలి, ఎప్పుడు ఆపేయాలి

కరెంటు కారు కొన్నవాళ్లను మా హన్మకొండలో అడిగే మొదటి ప్రశ్న, "ఒక్క చార్జింగ్‌కు ఎంత దూరం పోతది?" రెండోది, "ఇది దానంతటదే తోలుకుంటదట గదా?" మొదటిదానికి జవాబు తేలిక. రెండోదానికి సగం జవాబు చెప్పి ఊరుకుంటే ఎవరి ప్రాణం మీదికో వస్తుంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

తోలుకోదు. బీఈ 6, కర్వ్ ఈవీ, క్రెటా ఎలక్ట్రిక్, జెడ్ఎస్ ఈవీ లాంటి కార్ల పై వేరియంట్లలో మనకు దొరికేది లెవెల్ 2 అడాస్, అంటే కెమెరా, రాడార్లతో డ్రైవర్‌కు సాయం చేసే ఏర్పాటు. కారు తనంతట తాను ఎంత తోలుకోగలదో చెప్పడానికి సున్నా నుంచి 5 దాకా ఉన్న మెట్లలో అది రెండో మెట్టు. యాక్సిలరేటర్, బ్రేకు, స్టీరింగ్ మూడూ కారు కాసేపు పట్టుకుంటుంది. రోడ్డు చూసే పని మాత్రం మీదే. ఏదైనా జరిగితే జవాబు చెప్పుకునేదీ మీరే. యాక్సిడెంట్ కేసులో డ్రైవర్ పేరు రాయాల్సిన చోట సాఫ్ట్‌వేర్ వెర్షన్ రాస్తామంటే ఏ ఎస్సై ఒప్పుకోడు.

ముందుగా ఫీచర్లను కుప్పలుగా విడదీయండి

బ్రోచర్‌లో ఇరవై పేర్లుంటాయి. వాటిని అలాగే గుర్తుపెట్టుకోవాలంటే బుర్ర తిరుగుతుంది. నేను పెట్టుకున్న లెక్క ఇది: కొన్ని అరిచేవి, ఒకటి ఆపేది, రెండు తోలేవి.

ముందు బండి మరీ దగ్గరైతే, గీత దాటితే, అద్దంలో కనబడని మూలలో బైకు ఉంటే, రివర్స్ తీస్తుంటే అడ్డంగా ఎవరైనా వస్తే కుయ్యోమనేవన్నీ అరిచేవి. గుద్దుకునే పరిస్థితి వస్తే తానే బ్రేకు కొట్టే ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్ ఆపేది. ముందు బండికి తగ్గట్టు వేగం సర్దుకునే అడాప్టివ్ క్రూజ్, గీతల మధ్య కారును నిలబెట్టే లేన్ అసిస్ట్ తోలేవి.

అరిచేవీ ఆపేదీ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. తోలేవి మాత్రం మీరు ఏరుకున్న రోడ్డు ముక్క మీద, ఏరుకున్న వేళలో ఆన్ చేయాలి. మనవాళ్లు చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. చౌరస్తాలో బీప్ బీప్ అంటుంటే చిరాకేసి హెచ్చరికలన్నీ తీసేస్తారు, హైవే ఎక్కగానే క్రూజ్ పెట్టి కాళ్లు మడుచుకుంటారు. చిరాకు మరీ ఎక్కువైతే శబ్దం తగ్గించుకోండి, హెచ్చరికను మాత్రం చంపకండి.

మొదటి పని: ఇంటి ముందే, కారు కదలకుండా

ఆన్ చేయడం షోరూంలో చూపిస్తారు. ఆపడం మీరు నేర్చుకోవాలి. మాన్యువల్ ఒళ్లో పెట్టుకుని అరగంట కూర్చోండి. బ్రేకు తాకితే క్రూజ్ పోతుంది, ఇది దాదాపు అన్ని కార్లలో ఒకటే. కానీ క్రూజ్ పోయాక స్టీరింగ్ సాయం కూడా పోతుందా, అది విడిగా మిగిలి ఉంటుందా అన్నది కారు కారుకూ మారుతుంది. మిగిలి ఉండే కారైతే మీరు పక్కకు తిప్పుతుంటే స్టీరింగ్ చేతిలో గట్టిపడి ఎదురు లాగుతుంది. తెలియనివాడు అక్కడే బెదిరిపోతాడు.

ఇంకో రెండు సంగతులు చూసుకోండి. కారు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మీ సెట్టింగులు అలాగే ఉంటాయా, మొదటికొస్తాయా? కొన్ని కార్లలో లేన్ అసిస్ట్‌ను నిన్న ఆపినా ఈరోజు దానంతటదే ఆన్ అయి కూర్చుంటుంది. క్రూజ్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఏమవుతుంది? చాలా కార్లలో మీ కాలు పెడల్ మీద ఉన్నంతసేపు క్రూజ్ బ్రేకు వేయదు. కాలు ఊరికే అక్కడ ఆనించి కూర్చుంటే, కారు ఆపుతుందని మీరూ, మీరు తోలుతున్నారని కారూ అనుకుంటాయి.

క్యాన్సిల్ బటన్ చూడకుండా దొరికేదాకా బొటనవేలితో ఇరవైసార్లు తడుముకోండి. నవ్వులాటలాగే ఉంటుంది, చేయండి.

రెండో పని: కారు కళ్లు తుడవండి

కొత్త కారు కొంటే వరంగల్‌లో చాలామంది మొదట పోయేది భద్రకాళి గుడికి. కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు కుంకుమ, ముందు పూలదండ. అన్నీ చేసుకోండి. కానీ బానెట్ కింద గ్రిల్ దగ్గరో, బంపర్ మధ్యలోనో నున్నటి ప్లాస్టిక్ పలక ఒకటి ఉంటుంది. దాని వెనకే రాడార్. ముందు అద్దం పైన, లోపలి అద్దం వెనకాల కెమెరా. కుంకుమ బొట్టు సరిగ్గా కెమెరా ముందు పెట్టినా, దండ రాడార్‌కు అడ్డం వేలాడినా కారుకు గంతలు కట్టినట్టే. మా బాపు మా కారుకు ఎర్రటి స్వస్తిక్ గుర్తు నిండుగా వేసింది ఆ పలక మీదనే. గుడి నుంచి ఇంటికొచ్చేదాకా డిస్‌ప్లేలో రాడార్ మూసుకుపోయిందని మెసేజ్. బాపు మొహం చూసి నవ్వు ఆపుకుని, మెత్తటి గుడ్డ తడిపి తుడిచాను.

మిరపకాయలు నిమ్మకాయ దారం కట్టాలనుకుంటే పక్కకు జరిపి కట్టండి. ఫాస్టాగ్‌ను కెమెరా చూపుకు అడ్డం రాకుండా దూరంగా అంటించండి. ముందు ఇనుప గార్డు అసలే వద్దు. బుల్ బార్లు చట్టవిరుద్ధమని, పట్టుకోమని 2017లోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. దానికి తోడు అది రాడార్‌కు అడ్డం.

అద్దం మార్పిస్తే మాత్రం గట్టిగా అడగాల్సిన మాట ఒకటుంది: కెమెరా క్యాలిబ్రేషన్, అంటే కెమెరా చూపును మళ్లీ సరిగ్గా కుదర్చడం. టిప్పర్ నుంచి రాయి ఎగిరి మా అద్దం పగిలింది. బయట ఒక షాపులో మార్పించాను, బిల్లు చూసి సంతోషించాను. మూడో రోజు హైవే మీద లేన్ అసిస్ట్ కారును ఎడమ గీత మీదికే జరుపుతూ పోయింది. కెమెరా చూపు ఒక వెంట్రుకవాసి వంగినా వంద మీటర్ల దూరాన అది చాలా తేడా అవుతుంది. క్యాలిబ్రేషన్ చేశామని కాగితం మీద రాయించుకోండి.

మూడో పని: రోడ్డు ఏరుకోవడం

లేన్ అసిస్ట్‌కు గీతలు కావాలి. అడాప్టివ్ క్రూజ్‌కు ఒకే దిక్కు పోయే బండ్లు కావాలి. ఈ రెండూ దొరికే రోడ్డు మనకు దగ్గర్లో 163వ జాతీయ రహదారి: మడికొండ దాటాక స్టేషన్ ఘన్‌పూర్, రఘునాథపల్లి, జనగామ, ఆలేరు మీదుగా రాయగిరి దాకా. మధ్యలో డివైడర్, రెండేసి లేన్లు, చాలాచోట్ల కనబడే గీతలు. తోలేవి నేర్చుకోవడానికి ఇదే బడి. ఆదివారం పొద్దున పోండి, పెళ్లిళ్ల రోజు వద్దు. బోర్డు మీదున్న వేగం దాటకండి. క్రూజ్‌లో అంకె పెట్టేది మీరు, చలానా వచ్చేదీ మీకే.

నర్సంపేట, పరకాల, భూపాలపల్లి వైపు డివైడర్ లేని చోట తోలేవి ఆపేయండి. బొగ్గు టిప్పర్ ఎదురుగా వస్తుంటే సగం టైరు మట్టిలోకి దింపాలి. అప్పుడు గీత మీదికి లాగే స్టీరింగ్ మీకు శత్రువు. కరీంనగర్ దారిలాంటి చోట్ల విస్తరణ పనులు సాగుతుంటే పాత గీత ఒకవైపు, కొత్త గీత ఇంకోవైపు ఉంటాయి, డైవర్షన్ రెండింటినీ కోసుకుపోతుంది. మనిషికి డ్రమ్ములు కనిపిస్తే అర్థమవుతుంది. కెమెరా గీతనే నమ్ముతుంది.

నాలుగో పని: మొదటి 50 కిలోమీటర్లు

ముందు క్రూజ్ ఒక్కటే. లేన్ అసిస్ట్ ఇప్పుడే వద్దు. వేగం 70, ముందు బండితో దూరం అన్నిటికంటే ఎక్కువ, గుద్దుకునే హెచ్చరిక అన్నిటికంటే ముందు వచ్చేలా.

దూరం ఎక్కువ పెడితే ఆ సందులో ఆటోనో బైకో దూరుతుంది, కారు చటుక్కున బ్రేకు కొడుతుంది, వెనకవాడు హారన్ కొడతాడు. నిజమే. అందుకని దూరం తగ్గించుకునేవాళ్లు ఉన్నారు. నేను తగ్గించను. దూరేవాడు దూరాక మళ్లీ వెనక్కి జరగడమే మన పని. లెక్క చూడండి: 80 వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఫోన్‌లో ఎవరు చేశారో చూడడానికి మూడు సెకన్లు కళ్లు దించితే 66 మీటర్లు గుడ్డిగా తోలినట్టు. వెనక లారీ మరీ అంటుకుని వస్తుంటే క్రూజ్ తీసేసి, దారి ఇచ్చి, మళ్లీ పెట్టుకోండి. మీ కారు హఠాత్తుగా ఆగుతుందని ఆ డ్రైవర్‌కు తెలియదు కదా.

చేతులు స్టీరింగ్ మీదే. కొన్ని కార్లు మీరు తిప్పే చిన్న బరువును బట్టి, కొన్ని మీ చేతి స్పర్శను బట్టి చేతులున్నాయని తెలుసుకుంటాయి. నీళ్ల బాటిల్ ఇరికించి దాన్ని మోసం చేసే రీల్స్ చూశాను. అరిచే మనిషి నోట్లో గుడ్డ కుక్కినట్టు అది. ఎమర్జెన్సీ బ్రేకును పరీక్షిద్దామని అట్టపెట్టెలు, తమ్ముళ్లను ముందు నిలబెట్టడం కూడా రీల్స్‌కే వదిలేయండి. వేగాన్ని బట్టి, వెలుతురును బట్టి అది పూర్తిగా ఆపొచ్చు, వేగం తగ్గించి మాత్రమే వదిలేయొచ్చు.

క్రూజ్ అలవాటయ్యాకే, అంటే కారు ఎప్పుడు బ్రేకు వేస్తుందో మీకు ముందే తెలుస్తున్నప్పుడే, లేన్ అసిస్ట్ కలపండి. లేన్ మారినప్పుడల్లా ఇండికేటర్ వేయాలి. వేయకపోతే కారు మిమ్మల్ని వెనక్కి లాగుతుంది. ముప్పై ఏళ్లుగా ఇండికేటర్ ముట్టని మా మామయ్యకు ఏ ఆర్టీవో నేర్పలేనిది ఈ స్టీరింగ్ వారం రోజుల్లో నేర్పింది.

ఐదో పని: ముందున్న కారు తప్పుకుంటే ఏం చేయాలి

ఇది ఒక్కటి గుర్తుంటే మిగతాది మర్చిపోయినా ఫర్వాలేదు.

డిసెంబర్ సాయంత్రం, హైదరాబాద్ వైపు పోతున్నాం. పెంబర్తి దాటాం. పక్క సీట్లో బాపు. క్రూజ్ 80కి పెట్టాను, ముందు తెల్ల ఇన్నోవా 65 మీద పోతుంటే మా కారు కూడా బుద్ధిగా 65 మీదే వెనకాల పోతోంది. సూర్యుడు ఎదురుగా దిగుతున్నాడు. ఉన్నట్టుండి ఇన్నోవా కుడివైపు తప్పుకుంది. దాని ముందు పత్తి ట్రాలీ, టైరు పంక్చరై లేన్‌లోనే ఆగి ఉంది. వెనక లైటు లేదు, రేడియం స్టిక్కర్ లేదు. పత్తి మీద కప్పిన పట్టా ట్రాలీ అంచులు దాటి కిందిదాకా వేలాడుతోంది.

ఇన్నోవా తప్పుకోగానే మా కారు ఏం చేసిందో తెలుసా? వేగం పెంచింది. ముందు అడ్డం తొలగింది, నేను చెప్పింది 80, కాబట్టి 80కి పోదామనుకుంది. కరెంటు మోటార్ కదా, ఆలోచన రాగానే ఉరికింది. బాపు "ఇదేందిర, ఆగాల్సిన కాడ ఉరుకుతుంది!" అని డ్యాష్‌బోర్డు పట్టుకున్నాడు. ఇన్నోవా బ్రేకు లైటు వెలగగానే నా కాలు బ్రేకు మీదికి పోయి ఉంది, అందుకు బతికిపోయాం. ట్రాలీకి బారెడు దూరంలో ఆగాం. దిగి చూస్తే ట్రాక్టర్ అతను జాకీ కోసం వెతుక్కుంటున్నాడు. పాపం అతనికి మేమొచ్చిన సంగతే తెలియదు.

కారు ఎందుకలా చేసింది? కదిలే బండ్లను పట్టుకోవడంలో రాడార్ దిట్ట. కదలని వాటితోనే చిక్కు. రోడ్డు పక్క బోర్డులు, కల్వర్టు గోడలు, పైన ఫ్లైఓవర్, అన్నీ కదలనివే. ప్రతిదానికీ బ్రేకు కొడితే కారు ముందుకు పోదు. అందుకే వేగం మీద ఉన్నప్పుడు చాలా వ్యవస్థలు ఆగి ఉన్నవాటిని అంతగా పట్టించుకోవు, కెమెరా కూడా అవునంటేనే నమ్ముతాయి. ఆ కెమెరాకు ఎదురెండ. పైగా పట్టా కప్పిన ట్రాలీ వెనక భాగం ఏ కారు వెనక భాగంలానూ ఉండదు.

కాబట్టి పద్ధతి ఇది. క్రూజ్‌లో ఉన్నప్పుడు ముందు కారును చూస్తూ కూర్చోకండి, దాని అద్దాల్లోంచి, పక్కనుంచి దాని ముందేముందో చూడండి. అది ఇండికేటర్ వేసినా, పక్కకు ఒరిగినా, బ్రేకు లైటు వెలిగినా మీ కాలు బ్రేకు మీదికి రావాలి. ముందు బండి తప్పుకున్నాక రోడ్డు ఖాళీ అని మీ కళ్లు చెప్పేదాకా కాలు తీయకండి. మీ ముందు పోయే బండి పెద్ద లారీ అయితే, ముందు ఏమీ కనబడకుండా దాని వెనక క్రూజ్ పెట్టుకుని పోవడం అసలే వద్దు.

ఆరో పని: రీజెన్ సంగతి

పెట్రోలు కారు నుంచి వచ్చినవాళ్లు తికమకపడేది ఇక్కడ. యాక్సిలరేటర్ వదలగానే మోటారే కారును ఆపుతూ బ్యాటరీ నింపుకుంటుంది, దీన్నే రీజెన్ అంటారు. ఒక్క యాక్సిలరేటర్‌తోనే పోవడం, ఆగడం రెండూ చూసుకునే సింగిల్ పెడల్ మోడ్‌లో ఉంటే గట్టిగానే ఆపుతుంది. క్రూజ్‌లో కాలు కింద పెట్టుకుని పోతున్నారనుకోండి. ఇప్పుడు క్యాన్సిల్ బటన్ నొక్కితే కాలు పెడల్ మీద లేదు కాబట్టి రీజెన్ ఒక్కసారిగా పట్టుకుంటుంది, వెనకవాడి గుండె గుభేలుమంటుంది. క్యాన్సిల్ చేసే ముందు కాలు మెల్లగా యాక్సిలరేటర్ మీద ఆనించి, ఆ తర్వాత నొక్కండి. హైవే మీద రీజెన్ తక్కువ స్థాయిలో పెట్టుకోవడం నాకు నచ్చింది.

ఇంట్లో వంద శాతం చార్జ్ చేసి బయల్దేరితే ఇంకో తేడా. నిండిన బ్యాటరీలో ఇంక చోటుండదు, రీజెన్ తగ్గుతుంది. నిన్న కాలు తీస్తే ఆగిన కారు ఈరోజు జారిపోతున్నట్టు ఉంటుంది. మొదటి కొన్ని కిలోమీటర్లు బ్రేకు పెడల్‌నే నమ్ముకోండి.

జామ్‌లో క్రూజ్ కారును పూర్తిగా ఆపి నిలబెడుతుంది. ఇంజిన్ చప్పుడు లేదు కాబట్టి ఆఫ్ అయినట్టే ఉంటుంది. బెల్టు తీసి, తలుపు తీసి దిగబోకండి. ముందు గేరు పీ (పార్కింగ్)లో వేయండి. మళ్లీ కదిలేటప్పుడు బానెట్ ముందు నుంచి ఎవరైనా దాటుతున్నారేమో చూశాకే బటన్ నొక్కండి. కొన్ని కార్లు ఆగిన రెండు మూడు సెకన్లలోపు అయితే మిమ్మల్ని అడగకుండానే కదులుతాయి.

ఎక్కడెక్కడ తీసేయాలి

కోమల్ల టోల్‌గేటు, గూడూరు టోల్‌గేటు రాకముందే తీసేయండి. సన్నటి గేటు కర్రను కారు గుర్తిస్తుందనుకోవద్దు. డివైడర్‌లో సందులున్న చోట, ఊరి పేరు బోర్డు కనబడ్డ చోట కాలు బ్రేకు దగ్గర ఉంచండి. రాంగ్ రూట్లో ఎడమ అంచున వచ్చే బైకులు అక్కడే తగులుతాయి. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ రోడ్డు పనులు సాగుతుంటే అక్కడ బారికేడ్ల మధ్య తోలేవి ఏవీ వద్దు.

వరి కోతలప్పుడు రోడ్డు సగం వడ్లు, మిగతా సగం మనం. కుప్ప చివర రాళ్లు పెడతారు, రాత్రిళ్లు నల్ల పట్టా కప్పుతారు. అది కారుకు కనబడదు, ఒక్కోసారి మనకే కనబడదు. మక్కలు ఆరబోసినా అంతే. కోత మిషన్, ఎడ్లబండి, గొర్ల మంద, బర్లు, వీటిలో దేన్నీ కారు పసిగడుతుందని లెక్కేసుకోకండి. జంతువులను గుర్తించకపోవచ్చని చాలా మాన్యువళ్లే రాసుకున్నాయి. ములుగు దాటి పస్రా, తాడ్వాయి అడవిలోకి పోతే కోతులు. రెండేళ్లకోసారి మేడారం జాతరప్పుడు ఆ దారంతా కాలినడక జనం, బండ్లు. గట్టమ్మ దగ్గర మొక్కుకోవడానికి ఆగినప్పుడే క్రూజ్, లేన్ అసిస్ట్ ఆపేసి, అరిచేవి మాత్రం ఉంచుకుని పోండి.

పొద్దున హైదరాబాద్ నుంచి వరంగల్‌కు, సాయంత్రం వరంగల్ నుంచి హైదరాబాద్‌కు ఎండ ఎదురుగా ఉంటుంది. మీకు కళ్లు చికిలించాల్సి వస్తే కెమెరాకూ అదే పాట్లు. జోరువాన, జనవరి పొగమంచు కూడా అంతే. వైపర్లు పూర్తి జోరు మీద తిరుగుతున్నాయంటే తోలేవి తీసేసే వేళ అయిందని గుర్తు. ఎదురు బండిని చూసి పెద్ద లైటును తానే దించే ఆటో హైబీమ్ రాత్రి నాలుగు లేన్ల మీద బాగుంటుంది. రెండు లేన్ల రోడ్డు మీద గుడ్డి దీపంతో వచ్చే లూనాను అది లెక్కచేయదు, లైటు మీరే దించండి.

కారు ఇంకొకరి చేతికిచ్చేటప్పుడు

బామ్మర్ది అడిగాడు, డ్రైవర్ వచ్చాడు, ఎవరికిచ్చినా ముందు తోలేవి రెండూ ఆపి ఇవ్వండి. అలవాటు లేని చేతికి స్టీరింగ్ ఎదురు లాగితే కారుకేదో అయిందనుకుని గట్టిగా గుంజుతాడు. ప్రొఫైల్ వేరుగా పెట్టుకునే వీలుంటే వాళ్లకొకటి చేసి పెట్టండి. రెండు నిమిషాలు పక్కన కూర్చుని మూడు సంగతులు చెప్పండి: కాలు తీస్తే కారు ఆగుతుంది, ఇండికేటర్ వేయకుండా గీత దాటితే అరుస్తుంది, ఎమర్జెన్సీ బ్రేకు పడితే భయపడి యాక్సిలరేటర్ తొక్కొద్దు. మా బామ్మర్ది ఇవన్నీ విని తలూపి, తాళం తీసుకుని, గల్లీ మలుపు తిరిగాక ఫోన్ చేశాడు, "బావా, ఇది ఊకెనే అరుస్తుంది, ఎట్ల బంద్ చేయాలె?" అని. ముందు కారు పక్కకు ఆపి మాట్లాడమన్నాను. ఆ తర్వాత శబ్దం తగ్గించే బటన్ ఎక్కడుందో చెప్పాను, బంద్ చేసేది మాత్రం చెప్పలేదు.